సీక్వెల్ ఊహాగానాల్లో గట్టిదేది, గాలి కబురేది

‘కింగ్‌డమ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ (2024) చూసి వచ్చాక తర్వాతి భాగం గురించి చదవడం మొదలుపెట్టాననీ, వ్యోమగాములు తిరిగి వస్తారని కొందరు, అసలు సినిమానే రాదని కొందరు చెబుతుంటే ఎవరిని నమ్మాలో తెలియడం లేదనీ, రీబూట్ చేసిన, అంటే పాత పరంపరను కొత్తగా మొదలుపెట్టిన సైన్స్ ఫిక్షన్ సినిమాకు సీక్వెల్ ఎలా ఉంటుందో ముందే పసిగట్టే పద్ధతి ఏదైనా ఉందా అనీ మీరు అడిగారు. ఉంది. కాకపోతే అభిమానులు ఎక్కువగా వెతికే చోట అది దొరకదు. వాళ్లు చివరి సన్నివేశంలో వెతుకుతారు, నటుల ఇంటర్వ్యూల్లో వెతుకుతారు. ఏళ్ల తరబడి ఈ ఊహాగానాలను గమనిస్తూ రాస్తున్నవాడిగా నాకు ఆ రెండింటి మీదా నమ్మకం చాలా తక్కువ. ఎందుకో చెబుతాను. కొంచెం పొడవుగానే చెబుతాను, ఎందుకంటే ఉదాహరణ లేకుండా చెబితే ఇది కూడా ఇంకో ఊహాగానంలాగే ఉంటుంది.

ముందుగా, అంతరిక్ష నౌకల కథగా టీవీ సీరియల్‌తో మొదలై సినిమాలుగా మారిన స్టార్ ట్రెక్ చూద్దాం. అక్కడ పుకార్లు, ఖండనలు, లీకులు, చివరికి దర్శకుడి ఒప్పుకోలు అన్నీ బయటికి వచ్చాయి. ఫలితం కూడా తేలిపోయింది. ఏ ఆధారం ఎంత విలువ చేసిందో ఇప్పుడు నింపాదిగా లెక్క చూసుకోవచ్చు.

2009లో జె.జె. ఏబ్రమ్స్ తీసిన రీబూట్ పాత కథను కొట్టివేయకుండా దాని పక్కనే కొత్త దారి వేసింది. రోములన్ జాతికి చెందిన నీరో అనే ప్రతినాయకుడు భవిష్యత్తు నుంచి 2233వ సంవత్సరంలోకి వచ్చిపడి, కెల్విన్ అనే నౌకను ధ్వంసం చేస్తాడు. అక్కడి నుంచి చరిత్ర వేరే పాయగా చీలిపోతుంది. వల్కన్ జాతివాడైన స్పాక్ పాత్రను పాత సీరియల్‌లో వేసిన లియోనార్డ్ నిమోయ్‌నే ముసలి స్పాక్‌గా తెచ్చి పాత అభిమానులకు భరోసా ఇచ్చారు. సినిమా మధ్యలో వల్కన్ గ్రహాన్నే మాయం చేసి, ఇకపై ఏ పాత్రకు ఏమైనా జరగవచ్చని కొత్త ప్రేక్షకులకు చెప్పారు. సుమారు 15 కోట్ల డాలర్లతో తీసిన సినిమాకు ప్రపంచవ్యాప్తంగా 38 కోట్లకు పైగా వచ్చాయి. సీక్వెల్ ఖాయమైంది.

అంత స్వేచ్ఛ దొరికాక అభిమానులు ఏం చేశారు? ఖాన్ పేరు పట్టుకున్నారు. జన్యుమార్పులతో బలమూ తెలివీ పెంచిన మనిషి ఖాన్ నూనియన్ సింగ్ 1967లో టీవీ సీరియల్‌లోని ఒకే ఒక్క భాగంలో కనిపించి, 1982లో ‘ది రాత్ ఆఫ్ ఖాన్’తో ఈ పరంపర మొత్తానికీ పేరుమోసిన ప్రతినాయకుడైపోయాడు. రెండుసార్లూ ఆ పాత్ర వేసింది రికార్డో మోంటల్‌బాన్. ఆ 1982 సినిమాను దాటి ఇంకొకటి రాలేదని నమ్మే అభిమానులు ఇప్పటికీ కోకొల్లలు. కాబట్టి రెండో సినిమా అనగానే వాళ్ల మనసు అక్కడికే వెళ్లింది.

దీన్ని వట్టి మోజు అని తీసేయకండి. ఇందులో మంచి తర్కం ఉంది. పాత కథ ప్రకారం ఖాన్‌ను, అతని అనుచరులను మోసుకెళ్లిన నౌక 1996లోనే భూమిని వదిలింది. చరిత్ర చీలింది 2233లో. అంతకు ముందు జరిగినదేదీ మారలేదు. అంటే కొత్త కాలరేఖలో కూడా ఆ నౌక గాఢనిద్రలో ఉన్న మనుషులతో అంతరిక్షంలో ఎక్కడో తేలుతూ ఉండాల్సిందే. పాత చరిత్రలో దాన్ని 2267లో కథానాయకుడైన నౌక కెప్టెన్ కర్క్ కనుగొన్నాడు. వల్కన్ నాశనమై, కర్క్ పనిచేసే అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్ భయంతో ఆయుధాల కోసం చూస్తున్న ఈ కొత్త చరిత్రలో కర్క్ కంటే ముందు ఎవరైనా కనుగొంటే? రెండో సినిమా ‘ఇంటు డార్క్‌నెస్’ తీసుకున్న దారి సరిగ్గా ఇదే. అడ్మిరల్ మార్కస్ ముందే ఖాన్‌ను పట్టుకుని, నిద్ర లేపి, అతని బుర్రను యుద్ధనౌకల తయారీకి వాడుకుంటాడు.

రీబూట్ల గురించి ఊహించేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: చరిత్ర ఎక్కడ చీలింది, ఆ గీతకు అవతల మిగిలిపోయిన వస్తువులు ఏవి, ఇప్పుడు వాటి మీద ఎవరి చెయ్యి పడుతుంది. పేరు ఊహించడం తేలిక. ఆ పేరు ఏ దారిన కథలోకి వస్తుందో ఊహించడంలోనే పని ఉంది.

ఇక ఆధారాల సంగతి. 2012 జనవరిలో ఈ రెండో సినిమాకు నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్‌ను తీసుకున్నారన్న వార్త వచ్చింది. అతను ఎవరి పాత్ర వేస్తున్నాడో చెప్పలేదు. అదే ఏడాది షూటింగ్ ఫొటోలు కొన్ని బయటపడ్డాయి, అందులో స్పాక్‌కూ అతనికీ పెనుగులాట. వల్కన్ జాతివాడితో సమానంగా కలబడగలిగే మనిషి మామూలు మనిషి కాడని అభిమానులు అక్కడికక్కడే లెక్క కట్టారు. అదే సినిమాలో నటిస్తున్న సైమన్ పెగ్ ఒక పత్రికతో మాట్లాడుతూ అది ఖాన్ కాదని, అదొక కట్టుకథ అని తెగేసి చెప్పాడు. తోటి నటుడు కార్ల్ అర్బన్ ఇంకో అడుగు ముందుకేసి, కంబర్‌బ్యాచ్ వేస్తున్నది గ్యారీ మిచెల్ పాత్ర అన్నట్టుగా మాట్లాడాడు. గ్యారీ మిచెల్ 1966 నాటి సీరియల్‌లో దైవశక్తి వచ్చి తలకెక్కిన కర్క్ స్నేహితుడు. దాంతో అభిమానులు రెండు శిబిరాలుగా విడిపోయారు. డిసెంబర్‌లో స్టూడియో విడుదల చేసిన ఒక ఫొటో కింద జాన్ హ్యారిసన్ అని పేరు రాశారు. మూడో శిబిరం పుట్టింది.

ఇప్పుడు వీటిని తూచి చూడండి.

నటుడి మాటకు విలువ సున్నా. ఇది నటుల నిజాయతీ మీద వ్యాఖ్య కాదు. కథ బయటపెట్టకూడదని వాళ్లు సంతకం చేసి ఉంటారు. నిజం చెబితే ఉద్యోగానికే చిక్కు, అబద్ధం చెబితే సినిమా విడుదలైన రోజు అందరూ నవ్వి వదిలేస్తారు. ఒక మాట చెప్పినందుకు చెప్పేవాడికి నష్టమేమీ లేకపోతే ఆ మాట ఆధారంగా పనికిరాదు. పెగ్ కాదన్నాడు, ఔనని తేలింది. అర్బన్ ఇంకొకరి పేరు చెప్పాడు, అదీ తప్పయింది.

మరి గట్టి ఆధారం ఎక్కడుంది? చాలామంది పట్టించుకోని కామిక్ పుస్తకాల్లో ఉంది. 2011 సెప్టెంబర్ నుంచి ఐడీడబ్ల్యూ అనే ప్రచురణ సంస్థ కొత్త కాలరేఖలో స్టార్ ట్రెక్ కామిక్ వేయసాగింది. సినిమా రచయితల్లో ఒకరైన రాబర్టో ఓర్చీ దాని కథల బాగోగులు చూసేవాడు. మొట్టమొదటి రెండు సంచికల్లోనే గ్యారీ మిచెల్ కథను కొత్తగా చెప్పి ముగించేశారు. సినిమా రాస్తున్న మనిషి పర్యవేక్షణలో, సినిమా రాకముందే, ఒక ప్రతినాయకుడి కథను కామిక్‌లో ఖర్చు చేసేశారంటే ఆ కథ సినిమాకు అక్కర్లేదనే కదా అర్థం. అర్బన్ మాట వినగానే ఆ రెండు సంచికలు గుర్తు చేసుకున్నవాళ్లు మోసపోలేదు. సీక్వెల్‌లో ఏముంటుందో చెప్పే ఆధారాలు అరుదు. ఏముండదో చెప్పేవి మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటాయి, వాటిని వెతకడం నేర్చుకోవాలి.

రెండో గట్టి ఆధారం ట్రైలర్. అమెరికా ట్రైలర్‌లో లేని కొన్ని క్షణాలు జపాన్ ట్రైలర్ చివర ఉన్నాయి: అద్దానికి ఇరువైపులా ఆనించిన రెండు అరచేతులు. 1982 సినిమా చూసినవాళ్లెవరూ దాన్ని పొరబడలేరు. అందులో అద్దం వెనక రేడియేషన్‌కు బలై స్పాక్ చనిపోతాడు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. సన్నివేశాన్ని గుర్తుపట్టినంత మాత్రాన పాత్రలు అవే అనుకోనక్కర్లేదు. కొత్త సినిమాలో అద్దం వెనక ఉన్నది కర్క్, బయట ఏడ్చింది స్పాక్. రీబూట్ పాత దృశ్యాన్ని అరువు తెచ్చుకుంటే దాన్ని తిరగేసి వాడటం రివాజు. పాతది యథాతథంగా తీస్తే పోలికలో ఓడిపోతామని రచయితలకు తెలుసు.

2013 మేలో సినిమా వచ్చింది. ఖాన్ అవునని తేలింది. అభిమానులు గెలిచారు, ఆ గెలుపు వల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు. వసూళ్లు 46 కోట్ల డాలర్లు దాటి మొదటి సినిమాను మించాయి. అయినా ఆ ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన స్టార్ ట్రెక్ అభిమానుల సమావేశంలో ఓటింగ్ పెడితే అప్పటివరకు వచ్చిన సినిమాలన్నింటిలో ఇది అట్టడుగున నిలిచింది. సింగ్ అన్న ఇంటిపేరున్న పాత్రను తెల్లజాతి నటుడికి ఇవ్వడం మీద విమర్శలూ వచ్చాయి, అవి న్యాయమైనవేనని నా అభిప్రాయం. అదే ఏడాది చివర్లో ఏబ్రమ్స్ కూడా ఖాన్ అని ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఒప్పుకున్నాడు. పాత సినిమాలు చూడనివాళ్లు ఇది తమకు కాదనుకుంటారేమోనని స్టూడియో భయపడిందట.

ఈ వివరణ నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది. “నా పేరు ఖాన్” అని ఆ పాత్ర చెప్పే క్షణం సినిమాకే పెద్ద మలుపు అనుకుని తీశారు. పాత సినిమాలు చూడనివాడికి ఆ పేరుతో పనిలేదు. చూసినవాడు ఏడాది ముందే ఊహించేశాడు. మరి ఆ మలుపు ఎవరికోసం? రహస్యం దాచడానికి పెట్టిన శ్రమ మొత్తం, ఆ రహస్యం వల్ల ఆశ్చర్యపోయే ప్రేక్షకుడు ఒక్కడూ లేని చోట ఖర్చయింది. అందుకే “విలన్ ఎవరు” అన్న ప్రశ్న మీద జరిగే చర్చలను నేను పెద్దగా చదవను. సరిగ్గా ఊహించినా ఆ సినిమా మంచిదో చెడ్డదో దానివల్ల తెలియదు.

ఆ గోలలో ఎవరూ అడగని మంచి ప్రశ్న ఒకటుంది. 2009 సినిమాలో కర్క్ విద్యార్థిగా నౌక ఎక్కి కెప్టెన్‌గా దిగుతాడు. ఇంత తేలిగ్గా దొరికిన కుర్చీకి అతను వెల చెల్లించవద్దా? మొదటి సినిమా ఒక పాత్రకు అనుకోని వరం ఇస్తే రెండో సినిమా దాన్ని లాక్కోవడంతో మొదలవుతుంది. నిజంగా అలాగే మొదలైంది: నిబంధన మీరి నౌకను ఒక ఆదిమ జాతికి కనబడనిచ్చినందుకు కర్క్ పదవి ఊడుతుంది. ఈ ఊహకు లీకులు అక్కర్లేదు, ఇంటర్వ్యూలు అక్కర్లేదు. మొదటి సినిమాను శ్రద్ధగా చూస్తే చాలు.

ఇప్పుడు మీ వానరాల దగ్గరికి వస్తాను.

2011లో వచ్చిన ‘రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’లో రెండు సూచనలు ఉన్నాయి. ఒకటి, టీవీ వార్తల్లోనూ పత్రికలోనూ కనిపించీ కనిపించకుండా పోయే ఇకారస్ అనే వ్యోమనౌక. అంగారకుడి దగ్గరికి వెళ్లిన ఆ నౌక జాడ లేకుండా పోతుంది. రెండోది, ముగింపు పేర్లు మొదలయ్యాక వచ్చే దృశ్యం: ప్రయోగశాలలో పుట్టి వానరాలకు తెలివినీ మనుషులకు చావునూ తెచ్చే వైరస్ సోకిన పైలట్ విమానాశ్రయంలో నిలబడి ఉంటాడు, ముక్కులోంచి నెత్తురు బొట్టు రాలుతుంది, ప్రపంచపటం మీద విమాన మార్గాలు అల్లుకుపోతాయి. అభిమానుల చర్చంతా ఇకారస్ చుట్టూ తిరిగింది. 1968 సినిమాలో వ్యోమగాములు వానరాల లోకంలో దిగుతారు కాబట్టి సీక్వెల్‌లో ఆ నౌక తిరిగి వస్తుందని నమ్మారు. 2014లో రాలేదు. 2017లో రాలేదు. 2024లోనూ రాలేదు.

పైలట్ దృశ్యం మాత్రం అక్షరాలా ఫలించింది. 2014 సినిమా మొదలయ్యేసరికి మానవజాతిలో అత్యధికులు వైరస్‌కు బలై ఉంటారు. ఈ రెండు సూచనల మధ్య తేడా పట్టుకోవడం కష్టం కాదు. మొదటి కథలో మొదలైన కారణానికి ఫలితంగా వచ్చేది వైరస్. దాన్ని తీసేస్తే వానరాలు లోకాన్ని ఎలా గెలుచుకున్నాయో చెప్పడం కుదరదు. ఇకారస్‌ను తీసేస్తే కథలో ఒక్క ఇటుక కూడా కదలదు. పైగా 1968 సినిమాలో ఆ నౌకకు పేరే లేదు. ఇకారస్ అన్నది తర్వాతి కాలంలో అభిమానులు పెట్టుకుని వాడుకున్న పేరు. 2011లో దాన్ని వార్తల్లో చూపించడం రచయితలు పాత అభిమానులకు చేసిన నమస్కారం. నమస్కారాన్ని వాగ్దానంగా తీసుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

అసలు సీక్వెల్ కథ ఆ సినిమాలో ఇంకో చోట కూర్చుని ఉంది. కోబా గుర్తున్నాడా? ప్రయోగశాలలో ఒళ్లంతా గాయాలైన వానరం. గోల్డెన్ గేట్ వంతెన మీద హెలికాప్టర్‌లో చిక్కుకుని వేలాడుతున్న మందుల కంపెనీ అధికారిని వానరాల నాయకుడు సీజర్ కాపాడడు, చంపడు, వెనుదిరుగుతాడు. కోబా వచ్చి హెలికాప్టర్‌ను కిందికి తోసేస్తాడు. ఒకే శత్రువు, ఒకే క్షణం, ఇద్దరు వానరాలు రెండు రకాలుగా ప్రవర్తించారు. 2014 సినిమా మొత్తం ఆ తేడాలోంచి పుట్టింది. మనుషుల్లోంచి కొత్త విలన్ ఎవరు వస్తారని అందరూ తల బద్దలు కొట్టుకుంటుంటే, విలన్ మొదటి సినిమాలోనే మనకు ముఖం చూపించి వెళ్లాడు.

2024 సినిమాకు కూడా ఇదే కొలత పెట్టండి. చివర్లో నోవా, సూనా అనే యువ వానరాలు టెలిస్కోప్‌లోంచి చూస్తారు, వాళ్లకేం కనిపించిందో మనకు చూపించరు. అది ఇకారస్ అని వాదించేవాళ్లు బోలెడంతమంది. నాకు దానికంటే మే అనే మనిషి యువతి చేసిన పని ముఖ్యం. ఆమె తెచ్చిన సాధనంతో మాట్లాడగల మనుషుల స్థావరం ఉపగ్రహాలను మేల్కొలిపి, ఎక్కడో ఉన్న ఇతర మనుషులతో సంబంధం కలుపుకుంటుంది. ఇది వైరస్ లాంటి సూచన, దీన్ని పక్కన పెట్టి తర్వాతి కథ రాయలేరు. విడిపోయేటప్పుడు మే వీపు వెనక తుపాకీ దాచుకుని నోవా ముందు నిలబడటం కోబా లాంటి సూచన. ఆ ఇద్దరూ ఒకరినొకరు నమ్మలేకపోవడమే ముందున్న కథ. వ్యోమగాములు వస్తే రావచ్చు, నా అంచనా ప్రకారం వాళ్లు ప్రధాన కథ మోయరు.

చివరి దృశ్యంలో పెట్టిన చిక్కుముడి విప్పుతారన్న హామీ కూడా ఎప్పుడూ లేదు. 2001లో టిమ్ బర్టన్ ఇదే కథను మళ్లీ తీసి, లింకన్ విగ్రహం స్థానంలో వానర సేనాని విగ్రహం పెట్టి ముగించాడు. ఆ సినిమాకు 36 కోట్ల డాలర్లకు పైగా వచ్చినా సీక్వెల్ రాలేదు. అర్థం చెప్పుకునే పని ప్రేక్షకులకే మిగిలింది. 2015 నాటి ‘టెర్మినేటర్ జెనిసిస్’లో కథానాయిక సారాను చిన్నతనంలో కాపాడటానికి యంత్రమనిషిని 1973లోకి పంపింది ఎవరో చెప్పకుండా దాటేశారు. తర్వాతి భాగాల కోసం దాచుకున్నారు, ఆ భాగాలే లేకుండా పోయాయి.

అసలు సినిమా వస్తుందా అన్నది మీ రెండో ప్రశ్న కదా. జెనిసిస్ దానికి పాఠం. ఆ సినిమా రాకముందే రెండు సీక్వెల్స్‌కు తేదీలు ప్రకటించారు, ఒకటి 2017 మేలో, ఇంకొకటి 2018 జూన్‌లో. తేదీ ఉందంటే సినిమా ఉన్నట్టేనని అభిమానులు అనుకున్నారు. ప్రపంచవ్యాప్తంగా 44 కోట్ల డాలర్లు వచ్చాయి, సుమారు 15 కోట్లు బడ్జెట్, మరి ఎందుకు ఆపేశారని ఇప్పటికీ అడుగుతుంటారు. మొత్తం వసూళ్లను బడ్జెట్‌తో పోల్చడం వల్ల వచ్చే చిక్కు ఇది. టిక్కెట్టు డబ్బులో థియేటర్ల వాటా పోతుంది. అమెరికాలో స్టూడియోకు దాదాపు సగం మిగులుతుంది, చైనాలో పావు వంతే. జెనిసిస్‌కు అమెరికాలో 9 కోట్లు కూడా రాలేదు, చైనాలో 11 కోట్లు దాటాయి. పైగా బడ్జెట్ అంకెలో ప్రచార ఖర్చు కలవదు. ఇవన్నీ తీసేశాక మిగిలే సొమ్ము చూస్తే ఆపేసినందుకు ఆశ్చర్యం కలగదు. వసూళ్ల వార్త చదివేటప్పుడు మొత్తం అంకె కంటే ఎక్కడ ఎంత వచ్చిందన్నది చూడండి.

అభిమానుల ప్రేమ ఆ లోటును పూడ్చలేదు. 2012 నాటి ‘డ్రెడ్’ను చూసినవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, డిస్కులు బాగా అమ్ముడుపోయాయి, సీక్వెల్ కావాలంటూ సంతకాల ఉద్యమం నడిపారు. థియేటర్లలో వచ్చింది మాత్రం సుమారు 4 కోట్ల డాలర్లు. సీక్వెల్ లేదు. ‘డ్యూన్’ను చూడండి, 2021లో తెర మీద ‘మొదటి భాగం’ అని వేసుకుని వచ్చిన సినిమాకు కూడా రెండో భాగానికి అనుమతి అమెరికాలో విడుదలైన నాలుగు రోజుల తర్వాతే ప్రకటించారు.

హక్కుల సంగతి కూడా ఓ కంట కనిపెట్టాలి. అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత తన హక్కులను అమ్మేసినా 35 ఏళ్ల తర్వాత వెనక్కి తీసుకునే వీలుంది. 1984 నాటి టెర్మినేటర్‌కు 35 ఏళ్లు 2019లో నిండాయి. పాత పేరు ఉన్నట్టుండి మళ్లీ రీబూట్ అయితే కథ మీద మోజు ఒక్కటే కారణం అనుకోకండి, ఆ హక్కులకు ఎన్నేళ్లు మిగిలాయో లెక్క కట్టండి.

ప్రకటించిన సీక్వెల్ వస్తుందా రాదా అన్న విషయంలో స్టార్ ట్రెక్ నాలుగో సినిమా ఒక పెద్ద పాఠం. 2016 జూలైలో మూడో భాగం ‘బియాండ్’ విడుదలకు ముందే నాలుగో భాగం ప్రకటించారు, కర్క్ తండ్రిగా క్రిస్ హెమ్స్‌వర్త్ తిరిగి వస్తాడన్నారు. అభిమానులు కాలప్రయాణం గురించి, తండ్రీకొడుకుల కలయిక గురించి పేజీలకు పేజీలు రాశారు. ‘బియాండ్’కు అయిన ఖర్చు సుమారు 18 కోట్లు, వచ్చింది 34 కోట్లు. 2018లో ఎస్.జె. క్లార్క్‌సన్‌ను దర్శకురాలిగా తీసుకున్నారు, ఆ ఆగస్టులోనే కర్క్ పాత్రధారి క్రిస్ పైన్, హెమ్స్‌వర్త్‌లతో పారితోషికం దగ్గర బేరం తెగింది. మధ్యలో క్వెంటిన్ టరంటినో పేరు వినిపించింది. 2019లో నోవా హాలీ వచ్చాడు, 2020లో అదీ ఆగింది. 2021లో మ్యాట్ షాక్‌మన్ వచ్చాడు. 2023 జూన్ అని ఒకసారి, డిసెంబర్ అని ఇంకోసారి తేదీ వేశారు. 2022 ఫిబ్రవరిలో పాత నటులంతా తిరిగి వస్తున్నారని స్టూడియో ప్రకటించింది, చాలామంది నటులకు అప్పటికి ఆ కబురే అందలేదని వెంటనే వార్తలు వచ్చాయి. ఆ ఆగస్టులో షాక్‌మన్ ఇంకో సినిమాకు వెళ్లిపోయాడు, సెప్టెంబర్‌లో తేదీ తీసేశారు.

ఈ జాబితాలో ఏ దశలోనూ కథ వల్ల సినిమా ఆగలేదని నేననను, కానీ బయటికి తెలిసిన ప్రతి అడ్డంకీ డబ్బుదో, మనుషుల ఒప్పందాలదో. మొదటి సినిమాకు కొత్త నటులు తక్కువ సొమ్ముకు మూడు సినిమాలకు సంతకం చేస్తారు. మూడోది అయ్యేసరికి వాళ్లు పెద్ద పేర్లు. నాలుగోదానికి ఖర్చు పెరుగుతుంది, వసూళ్లు పెరగకపోతే లెక్క కుదరదు. అందుకే నటుల ఒప్పందం ఎన్ని సినిమాలకో తెలిస్తే సీక్వెల్స్ ఎక్కడ చిక్కుకుంటాయో సగం తెలిసిపోతుంది. కొత్త కథ రాసి కొత్త నటులతో మొదలుపెట్టడం స్టూడియోకు చవక. వానరాల పరంపరకు ఈ బెడద తక్కువే. 2024 సినిమాలో సీజర్ లేడు, తరాలు గడిచిపోయాయి, ముఖాలన్నీ కొత్తవి.

లీకుల గురించి ఒక్క మాట. కథ మొత్తం చెప్పేసే లీకు కనబడితే అందులో అభిమానుల కోరికలు ఎన్ని తీరాయో లెక్కపెట్టండి. ఎక్కువ తీరితే అది అభిమాని రాసిందే. ఎవరూ కోరుకోని, కాస్త విసుగు పుట్టించే వివరం ఉంటే మాత్రం రెండోసారి చదవండి.

మీరు అడిగిన వానరాల సినిమా సంగతికొస్తే, 2024 భాగానికి దాదాపు 40 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ ముందు మూడింటిలో దేనికీ అంత తక్కువ రాలేదు, 2014 సినిమా 70 కోట్లు దాటింది. కాబట్టి తర్వాతి భాగం వస్తే ఖర్చు బిగించి తీస్తారని నా అంచనా. ఇకపై టెలిస్కోప్ దృశ్యాన్ని ఆపి ఆపి చూడటం కంటే, స్క్రీన్‌ప్లే ఎవరి చేతికి వెళ్లింది, దర్శకుడు వేరే సినిమా ఒప్పుకున్నాడా, తేదీ పడిందా, ఆ తేదీ జరుగుతోందా అన్నవి గమనించండి. రచయిత పేరు లేకుండా తేదీ ఒక్కటే వస్తే ఇంకా ఏమీ లేదని లెక్క.